చేపల జన్యుశాస్త్రం – 4వ పాఠం: శరీరం చెప్పే లింగం, జన్యువు చెప్పే లింగం

పోయిన పాఠం చివర ఒక లెక్క ఇచ్చాను: లింగాన్ని తేల్చే క్రోమోజోములు తల్లిలో ఎక్స్‌ఎక్స్, తండ్రిలో ఎక్స్‌వై అయితే పిల్లల్లో ఆడవెన్ని, మగవెన్ని అని. దాని జవాబుతో మొదలుపెడదాం. తల్లి ఎక్స్‌ఎక్స్, తండ్రి ఎక్స్‌వై. తల్లి గుడ్లన్నిటిలోనూ ఎక్స్ ఉంటుంది. తండ్రి శుక్రకణాల్లో సగానికి ఎక్స్, సగానికి వై. కాబట్టి పిల్లల్లో సగం ఆడవి, సగం మగవి. చాలామంది సరిగ్గానే చేసి ఉంటారు. అయితే ఈ లెక్క వేసేటప్పుడు, ఎక్స్‌వై ఉన్న పిల్ల మగచేపే అవుతుందని మనం ముందే అనుకున్నాం. మనుషుల్లో దాదాపు ఎప్పుడూ అంతే. చేపల్లో అలా కుదరదు.

ఈ రోజు నుంచి మీ నోటు పుస్తకంలో ప్రతి చేపకీ రెండు గడులు గీయండి. ఒకటి శరీర లింగం: కోసి చూస్తే అండాశయం ఉందా, వృషణం ఉందా అన్నది. రెండోది జన్యు లింగం: ఎక్స్‌ఎక్స్, ఎక్స్‌వై, లేదా ఇంకేదైనా. తెలియకపోతే ఆ గడి ఖాళీగా వదిలేయండి, ఊహించి నింపొద్దు. నీళ్లలో కలిసిన హార్మోన్ చేపలను ఏం చేసిందో చదవడం ఈ ధారావాహికలో మనం నేర్చుకోవాలనుకున్న అసలు విద్య. అది ఈ రెండు గడుల మధ్య తేడా పట్టుకోవడంతోనే మొదలవుతుంది.

చేప లింగం ఎందుకు మారుతుంది

గుడ్డు పగిలి బయటికి వచ్చిన చేపపిల్లలో లింగగ్రంథి ఇంకా ఎటూ తేలని కణాల గుంపు. జన్యువులు దాన్ని ఒకవైపు నెడతాయి. ఆ నెట్టే పనిలో ఎక్కువ భాగం హార్మోన్ల ద్వారానే జరుగుతుంది. ఆడ హార్మోన్ అయిన ఈస్ట్రోజెన్ ఎక్కువైతే అండాశయం, అది లేకుండా మగ హార్మోన్ అయిన ఆండ్రోజెన్ పైచేయి అయితే వృషణం. సరిగ్గా ఆ రోజుల్లో బయటినుంచి హార్మోన్ అందితే, జన్యువు చెప్పినదానికి ఎదురుగా కూడా గ్రంథి తయారవుతుంది. క్రోమోజోములు మాత్రం పుట్టుకతో వచ్చినవి వచ్చినట్టే ఉంటాయి.

జాతిని బట్టి పద్ధతి కూడా మారుతుందని గుర్తుంచుకోండి. జపాన్ వరిపొలాల్లో ఉండే మెడాకా చేపలో ఎక్స్‌వై పద్ధతి. నైల్ తిలాపియాలోనూ అంతే. దానికి దగ్గరి చుట్టమైన నీలి తిలాపియాలో మాత్రం కోళ్లలో లాగా జెడ్‌డబ్ల్యూ పద్ధతి: జెడ్‌జెడ్ మగ, జెడ్‌డబ్ల్యూ ఆడ. ఐరోపా సీబాస్‌లో జన్యువులతో పాటు నీటి ఉష్ణోగ్రత కూడా తేలుస్తుంది. అందుకే ఏ లెక్కైనా మొదలుపెట్టే ముందు ఆ జాతి ఏ పద్ధతిలో నడుస్తుందో రాసుకోవాలి.

మెడాకా: రంగే సాక్షి

ఈ విద్య నేర్చుకోవడానికి మెడాకాను మించిన చేప లేదు. 1921లో క్యోటోకు చెందిన శాస్త్రవేత్త తత్సువో ఐదా, ఈ చేపలో నారింజ ఎరుపు రంగునిచ్చే జన్యువు వై క్రోమోజోమ్ మీద ఉండగలదనీ, తండ్రి నుంచి కొడుక్కి వెళ్తుందనీ చూపించాడు. ఆ తర్వాత నగోయాలో తోకియో యమమోతో అనే శాస్త్రవేత్త ఆ ఆధారంతో ఒక వంశాన్ని పెంచాడు. అందులో ఆడవన్నీ తెల్లవి, మగవన్నీ ఎర్రవి. అంటే చేపను కోయకుండానే, పైరంగు చూసి జన్యు లింగం చెప్పేయొచ్చు. రెండో గడి చేప ఒంటిమీదే రాసి ఉందన్నమాట.

యమమోతో ఆ పిల్లలకు ఈస్ట్రోన్ అనే ఆడ హార్మోన్ కలిపిన మేత పెట్టాడు. పెద్దయ్యాక ఎర్రటి ఆడచేపలు కనిపించాయి. ఆ వంశంలో ఎరుపు ఉందంటే వై ఉన్నట్టే. అయినా అవి గుడ్లు పెట్టాయి. 1953లో ప్రచురించిన ఈ ప్రయోగాన్ని నేను ఎప్పుడు చదివినా ఆశ్చర్యంగానే ఉంటుంది. డీఎన్ఏ పరీక్షలు లేని కాలంలో, మేత, రంగు, ఓపిక – ఈ మూడింటితోనే ఆయన శరీర లింగాన్నీ జన్యు లింగాన్నీ విడదీసి చూపించాడు.

వైలో అసలు ఏ జన్యువు మగతనాన్ని తెస్తుందో 2002లో తేలింది. దాని పేరు డీఎంవై. సకశేరుకాల్లో, క్షీరదాలను పక్కన పెడితే, మొట్టమొదట దొరికిన లింగనిర్ణయ జన్యువు ఇదే. ఇప్పుడు మెడాకా రెక్క అంచున చిన్న ముక్క కత్తిరించి డీఎన్ఏ పరీక్ష చేస్తే, ఏ రంగు చేప అయినా డీఎంవై ఉందో లేదో తెలిసిపోతుంది. చేప బతికే ఉంటుంది.

ఇప్పుడు పెన్ను తీసుకోండి. ఎక్స్‌వై ఆడను మామూలు ఎక్స్‌వై మగతో కలిపితే ఏమవుతుంది?

తల్లి గుడ్లు: సగం ఎక్స్, సగం వై.
తండ్రి శుక్రకణాలు: సగం ఎక్స్, సగం వై.
పిల్లలు: ఎక్స్‌ఎక్స్ ఒక వంతు, ఎక్స్‌వై రెండు వంతులు, వైవై ఒక వంతు.

ఈ పిల్లలకు హార్మోన్ ఏదీ తగల్లేదు కాబట్టి ఎక్స్‌ఎక్స్ ఆడవి, మిగతావన్నీ మగవి. అంటే మూడు మగలకు ఒక ఆడ. మళ్లీ ఒకసారి చదవండి: తల్లికి తగిలింది ఆడ హార్మోన్, ఆమె పిల్లల్లో ఎక్కువైంది మగలు. ఈ పాఠంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. హార్మోన్ ప్రభావం అది తగిలిన తరంతో ఆగిపోదు, తర్వాతి తరంలో తలకిందులుగా బయటపడుతుంది.

వైవై పిల్లలు బతుకుతాయా అన్నది జాతిని బట్టి, వంశాన్ని బట్టి ఉంటుంది. మనుషుల్లో ఎక్స్ లేకపోతే పిండం నిలవదు. మెడాకాలో ఎక్స్, వై రెండూ దాదాపు ఒకే రకంగా ఉంటాయి కాబట్టి బతికే అవకాశం ఉంది. అయినా యమమోతో ఎర్రచేపల వంశంలో వైవై అరుదుగానే బతికాయి. నైల్ తిలాపియాలో వైవై మగచేపలు చక్కగా బతికి పిల్లల్ని కంటాయి.

లెక్కను నమ్మొచ్చో లేదో చూడటం

ఇవి సాధన కోసం నేను పెట్టిన అంకెలు. ఒక ఆడచేప పిల్లల్లో 80 పెద్దవయ్యాయి. 58 మగ, 22 ఆడ. ఆ తల్లి మామూలు ఎక్స్‌ఎక్స్ ఆడా, లేక ఎక్స్‌వై ఆడా?

వచ్చిన అంకె, రావాల్సిన అంకెకు ఎంత దూరంగా ఉందో కొలిచే కై-స్క్వేర్ పద్ధతి 2వ పాఠంలో నేర్చుకున్నాం. మామూలు తల్లి అయితే 40, 40 రావాలి. తేడా 18. 18ని 18తో హెచ్చిస్తే 324, దాన్ని 40తో భాగిస్తే 8.1. రెండు వైపులా కలిపి 16.2. మన హద్దు 3.84; అంతకు మించితే ఆ తేడా ఊరికే యాదృచ్ఛికంగా వచ్చిందనలేం. దాన్ని ఎప్పుడో దాటేసింది. కాబట్టి మామూలు తల్లి అన్న మాట నిలవదు.

ఎక్స్‌వై ఆడ అయితే 60, 20 రావాలి. తేడా 2. విలువ 0.27 దగ్గర వస్తుంది. సరిపోయింది.

ఇక్కడే ఆగిపోతారు చాలామంది. వైవై పిల్లలు చనిపోయే జాతి అయితే రావాల్సింది రెండు మగలకు ఒక ఆడ, అంటే సుమారు 53.3, 26.7. ఆ లెక్క కూడా వేయండి. 1.2 వస్తుంది. అదీ హద్దు లోపలే! అంటే ఈ 80 చేపలు తల్లి ఎక్స్‌వై అన్న మాటను బలపరుస్తున్నాయి కానీ, వైవై పిల్లలు బతికాయో లేదో చెప్పలేవు. అది తేల్చాలంటే ఇంకా ఎక్కువ పిల్లల్ని లెక్కపెట్టాలి. లేదా ఆ మగల్ని ఒక్కొక్కటిగా మామూలు ఆడలతో జత చేయాలి. వైవై మగకు పుట్టేవన్నీ కొడుకులే.

చెరువు గట్టున ఇదే లెక్క

తిలాపియా సాగులో ఉన్నవాళ్లకు ఈ పాఠం కొత్తేమీ కాదు. ఆడ తిలాపియా గుడ్లను, పిల్లల్ని నోట్లో పెట్టుకుని మోస్తుంది, ఆ రోజుల్లో సరిగ్గా మేత తినదు, బరువు పెరగదు. చెరువు నిండా చిన్నపిల్లలు పడి రైతుకు నష్టం. అందుకే అన్నీ మగపిల్లలే కావాలంటారు. హ్యాచరీల్లో పిల్లలకు మొదటి వారాల్లో 17-ఆల్ఫా మిథైల్ టెస్టోస్టెరోన్ అనే మగ హార్మోన్ కలిపిన మేత పెట్టడం ఎక్కువగా చూసే పద్ధతి. అప్పుడు ఎక్స్‌ఎక్స్ పిల్లలు కూడా మగలవుతాయి. విజయవాడ దగ్గర రాజీవ్ గాంధీ ఆక్వాకల్చర్ కేంద్రం వేగంగా పెరిగేలా ఎంపిక చేసి పెంచిన గిఫ్ట్ రకం తిలాపియాను అందిస్తున్నందువల్ల ఈ మాటలు మన రైతులకూ పరిచయమే.

వైవై మగను ఒకసారి తయారు చేసుకుంటే రెండో దారి ఉంది. అమ్మే పిల్లలకు హార్మోన్ ఇవ్వక్కర్లేదు, తండ్రి వైవై కాబట్టి అవి పుట్టుకతోనే ఎక్స్‌వై. నా ఉద్దేశంలో ఇదే మంచి దారి, ఎందుకంటే హార్మోన్ మేత పెట్టిన తొట్ల నీళ్లు ఎక్కడికి పోతున్నాయన్న ప్రశ్న చాలావరకు తప్పుతుంది.

నది: రెండో గడి ఖాళీగా ఉన్నప్పుడు

ఇక అడగకుండానే చేపలకు హార్మోన్ అందే చోటికి వద్దాం. 1970ల చివర్లో ఇంగ్లండ్‌లో మురుగునీటి శుద్ధి కేంద్రాల నీళ్లు చేరే చోట పట్టిన రోచ్ అనే మంచినీటి చేపల్లో కొన్నిటికి వృషణాల్లో గుడ్లు కనిపించాయి. తర్వాత పరిశోధకులు ట్రౌట్ చేపల్ని బోనుల్లో పెట్టి ఆ నీళ్లలో ఉంచారు. కొద్ది వారాల్లో మగ ట్రౌట్ల రక్తంలో విటెల్లోజెనిన్ విపరీతంగా పెరిగింది.

విటెల్లోజెనిన్ అంటే గుడ్డులోని సొనకు ముడిసరుకు అయిన ప్రొటీన్. ఈస్ట్రోజెన్ చెబితే కాలేయం దాన్ని తయారు చేస్తుంది. ఈ జన్యువు మగచేపలోనూ ఉంటుంది, కానీ ఆజ్ఞ రాదు కాబట్టి నిద్రపోతుంది. మగచేప రక్తంలో అది ఎక్కువగా కనిపిస్తే ఎక్కడినుంచో ఆజ్ఞ అందుతున్నట్టే. ఇక్కడ డీఎన్ఏ అక్షరాల్లో మార్పేమీ రాలేదు, ఉన్న జన్యువు మేలుకుంది, అంతే. హార్మోన్ కాలుష్యాన్ని "జన్యువులు పాడైపోవడం" అని రాసేవాళ్లు ఈ తేడా చూడరు.

1998లో ప్రచురించిన పెద్ద పరిశీలనలో బ్రిటన్ నదుల్లోని రోచ్ మగచేపల్ని పరీక్షించారు. ఏర్, నేన్ నదుల్లో శుద్ధి కేంద్రాల దిగువన కొన్నిచోట్ల పట్టిన మగలన్నిటిలోనూ ఆడ లక్షణాలు ఉన్నాయి. మురుగు చేరని చోట్ల కూడా కొద్ది శాతం కనిపించింది. పోల్చి చూసే చోటు సున్నా కాదని తెలిసినప్పుడే ఇంకోచోటి అంకెకు విలువ. ఆ నీళ్లలో ఉన్నవేమిటి? ఆడవాళ్ల శరీరాల నుంచి సహజంగా వచ్చే ఈస్ట్రాడయోల్, ఈస్ట్రోన్ అనే ఈస్ట్రోజెన్లు. వాటితో పాటు గర్భనిరోధక మాత్రల్లోని ఈథినైల్ ఈస్ట్రాడయోల్, 1938లో బెర్లిన్‌లో తయారైన మందు. ఏర్ నదిలో ఇంకొకటి కలిసింది: ఉన్ని కడిగే డిటర్జెంట్ల నుంచి వచ్చే, ఈస్ట్రోజెన్‌లా పనిచేసే నోనైల్‌ఫినాల్.

ఇప్పుడు మీ నోటు పుస్తకం చూడండి. ఆ రోచ్ చేపలకు శరీర లింగం గడి నిండింది, జన్యు లింగం గడి ఖాళీ. వృషణంలో గుడ్లున్న చేప ఆడతనం వైపు జరిగిన మగదా, మగతనం వైపు జరిగిన ఆడదా? చేపను చూసి మాత్రమే చెప్పలేం. రక్తంలో విటెల్లోజెనిన్, నీళ్లలో ఈస్ట్రోజెన్, ప్రయోగశాలలో అదే మందు ఇచ్చినప్పుడు వచ్చిన ఫలితం – ఈ మూడూ ఒకే వైపు చూపించాయి కాబట్టే మొదటి జవాబును ఒప్పుకుంటున్నాం. తీవ్రంగా మారిన మగలకు పిల్లలు చాలా తక్కువగా పుడతాయని కూడా తేలింది. అయినా మురుగు ఎక్కువగా ఉన్న కొన్ని నదుల్లో రోచ్ తమ సంతతిని తామే నిలుపుకుంటున్నాయని 2014లో జన్యు పరీక్షలతో చూపించారు. రెండూ నిజమే. ఒకటి చేప గురించి, ఇంకొకటి మొత్తం చేపల మంద గురించి.

మంద కూలిపోవడం కూడా జరుగుతుంది. కెనడాలోని ఆంటారియోలో పరిశోధనకే కేటాయించిన సరస్సుల్లో ఒకటి, 260వ నంబరు. 2001 నుంచి 2003 వరకు ఏటా వేసవిలో అందులో ఈథినైల్ ఈస్ట్రాడయోల్ కలిపారు, లీటరుకు 5, 6 నానోగ్రాములు. నానోగ్రాము అంటే గ్రాములో 100 కోట్లో వంతు. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్నచేప దాదాపు అంతరించిపోయే దాకా వచ్చింది. దాని ఆయుష్షు కొద్ది సంవత్సరాలే, వరసగా ఒకటి రెండేళ్లు కొత్తపిల్లలు రాకపోతే నిలవదు. మందు ఆపిన కొన్నేళ్లకు మళ్లీ పెరిగింది.

ఎదురు దిశ

మగతనం వైపు నెట్టే కాలుష్యం కూడా ఉంది. దోమల లార్వాల కోసం మన ఊళ్లలో గుంటల్లో, బావుల్లో వదిలే గంబూషియా తెలుసు కదా. అమెరికాలోని ఫ్లోరిడాలో, కాగితం మిల్లు నీళ్లు కలిసే ఎలెవన్‌మైల్ క్రీక్‌లో ఆడ గంబూషియాలకు మగవాటిలాగే పొట్టకింది రెక్క పొడవుగా సాగి సంయోగ అవయవంలా తయారైందని 1980లో రాశారు. ఈ చేపల్లో మారింది రెక్క. రెక్క మారినంత మాత్రాన అండాశయం పోయిందని అనుకోకూడదు. శరీర లింగం గడిలో ఏ అవయవం చూసి రాశారో కూడా పక్కన రాయండి.

సాధన

1. ఎక్స్‌ఎక్స్ మగ తిలాపియాను ఎక్స్‌ఎక్స్ ఆడతో కలిపారు. పిల్లల రెండు గడులూ నింపండి. చెరువులో తరతరాలుగా ఇదే జరిగితే వై క్రోమోజోమ్ ఏమవుతుంది?

2. నీలి తిలాపియాలో జెడ్‌జెడ్ పిల్లకు ఈస్ట్రోజెన్ ఇచ్చి ఆడచేపను చేశారు. దాన్ని మామూలు మగతో కలిపితే?

3. ఒక కాలువలో 100 మెడాకాలు పట్టారు. 60 ఆడ, 40 మగ. డీఎన్ఏ పరీక్షలో 50 చేపలకు డీఎంవై ఉంది. కనీసం ఎన్ని చేపల్లో రెండు గడులూ కలవడం లేదు? "కనీసం" అని ఎందుకు అడిగానో కూడా రాయండి.

4. అదే కాలువలో హార్మోన్ రావడం పూర్తిగా ఆగిపోయింది. వచ్చే తరంలో మగలు పెరుగుతాయా, ఆడలు పెరుగుతాయా? వైవై పిల్లలు బతుకుతాయనుకుని ఒకసారి, బతకవనుకుని ఒకసారి లెక్క వేయండి. 5వ పాఠం ఈ జవాబుతోనే మొదలవుతుంది.