నాట్‌లెస్ బ్రెయిడ్స్ మొదటిసారి వేసుకునేవాళ్ళకి

ఆఫ్రికన్ మూలాలున్నవాళ్ళ గట్టి రింగుల జుట్టుకి నాట్‌లెస్ బ్రెయిడ్స్ (సొంత జుట్టులో సింథటిక్ జుట్టు కలుపుతూ తలంతా అల్లే విడి జడలు) మంచి స్టైల్, కుదుళ్ళ దగ్గర ముడి ఉండదు కాబట్టి, కుదురు దగ్గరే ముడితో మొదలయ్యే మామూలు బాక్స్ బ్రెయిడ్స్ కన్నా లాగడం తక్కువ. ముందు తలస్నానం చేసి, కండిషనర్ బాగా పట్టించి, చిక్కులు చివర్ల నుంచి పైకి తీసుకుంటూ వచ్చి పూర్తిగా ఆరనివ్వండి. జడల్లో కలిపే సింథటిక్ జుట్టుని ఆపిల్ సైడర్ వెనిగర్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, కడిగి ఆరేస్తే చాలామందికి దురద తగ్గుతుంది (మన తిరుమల తలనీలాలు విగ్గులకీ ఎక్స్‌టెన్షన్లకీ వెళ్తాయి గానీ ఈ జడల్లో ఎక్కువగా వాడేది ప్లాస్టిక్ పోగే).

తోక దువ్వెనతో చదరాలుగా పాపిళ్ళు తీసి, సొంత జుట్టుతోనే మూడు పాయలు అల్లడం మొదలెట్టి, కాస్త కిందకొచ్చాక సింథటిక్ పోగులు కొంచెం కొంచెంగా కలుపుతూ పోవాలి, ఓపికంతా ఇక్కడే కావాలి, సన్నగా వేస్తే రోజంతా పట్టినా పట్టొచ్చు. చివర్లు వేడినీళ్ళలో ముంచితే ఊడిరావు, చేతులు జాగ్రత్త.

నుదుటి దగ్గర నొప్పి, చిన్న పొక్కులు వచ్చాయా, బిగువు ఎక్కువైనట్టే, అలవాటైపోతుందిలే అనుకోకుండా విప్పేయండి, అలాగే ఉంచితే ఆ అంచున జుట్టు పోయి మళ్ళీ రాకపోవచ్చు. రాత్రి శాటిన్ స్కార్ఫ్ కట్టుకోండి, 6-8 వారాలకి మించి ఉంచొద్దు.