గిటార్ మీద కార్డ్ మార్చేటప్పుడు చెయ్యి ఆగిపోతుంటే ఇలా చేసి చూడండి

రోజూ అరగంట గిటార్ వాయించినా జీ కార్డ్ నుంచి సీ కార్డ్‌కి (కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) వెళ్ళే దగ్గర చెయ్యి ఆగిపోయేది, పాట అక్కడే తెగిపోయేది. "బాగా నేర్చుకోవాలి" అని అనుకోవడం మానేసి ఒక నంబర్ పెట్టుకున్నాక దారిలో పడింది. ఫోన్‌లో 1 నిమిషం టైమర్ పెట్టి రెండే కార్డులు తీసుకుని అటూ ఇటూ ఎన్నిసార్లు మార్చగలిగానో లెక్కపెట్టి, గోడ మీది క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే రాసేస్తా. మొదటి రోజు 14 వచ్చాయండి. వారానికి 5 పెంచడమే టార్గెట్, 40 దాటాక ఆ జత వదిలేసి ఇంకో జత, నేనైతే ఈ-మైనర్ (Em), డీ కార్డులు తీసుకున్నా. రోజుకి మూడు జతలు చేసినా ఐదు నిమిషాలు పట్టదు, మిగతా టైమంతా పాటలే.

కానీ నంబర్ కోసం తొందరపడి సరిగ్గా నొక్కకపోతే స్ట్రింగ్ జుయ్‌మంటుంది, అలాంటివి లెక్కలో వేసుకోకండి, నంబర్ పెరుగుతుంది గానీ పాట అలాగే ఉంటుంది. చూపుడువేలు అడ్డంగా వేసి నొక్కే ఎఫ్ లాంటి వాటికి మొదట్లో ఈ లెక్క పనికిరాదు, ముందు ఆరు స్ట్రింగులూ ఒక్కొక్కటే మీటి అన్నీ మోగుతున్నాయో లేదో చూసుకోవాలి, మణికట్టు నొప్పి మొదలైతే మాత్రం ఆ రోజుకి ఆపేయండి.