క్విన్స్ వేరు మీద బేరి నిలవకపోతే: మధ్య ముక్కతో అంటు

మూడేళ్లు నిగనిగలాడుతూ పెరిగిన మా బేరి చెట్టు (అదే, పియర్) ఒక గాలివానకి అంటు దగ్గర పుటుక్కున విరిగింది. అమెరికాలోని ఒరెగాన్‌లో పెరట్లో వేసుకున్న మొక్క. బార్ట్‌లెట్ అనే బేరి రకాన్ని క్విన్స్ అనే మరో పండ్ల చెట్టు వేరు మీద కట్టారని లేబుల్ మీద ఉంది. కొన్నప్పుడు ఆ మాట నేను పట్టించుకోలేదు.

మన ఊళ్లలో మామిడి టెంక మొక్క మీదే మామిడి కడతాం కాబట్టి ఈ తంటా పెద్దగా తెలియదు. పాల మొక్క మీద సపోటా కట్టినా అవి దగ్గర చుట్టాలే. బేరి, క్విన్స్ మాత్రం వేర్వేరు ప్రజాతులు. అయినా ఎందుకు కడతారంటే, క్విన్స్ వేరు మీద చెట్టు పొట్టిగా ఉంటుంది, త్వరగా కాపుకొస్తుంది. కామిస్, బ్యూరే హార్డీ లాంటి రకాలు దానితో సర్దుకుపోతాయి. బార్ట్‌లెట్, బాస్క్ సర్దుకోవు.

విరిగిన చోటు రంపంతో కోసినట్టు నున్నగా ఉంది

ఇది అసలైన గుర్తు. బాగా అతికిన అంటు విరిగితే పీచులు పీచులుగా చీలుతుంది. నున్నగా విడిపోయిందంటే రెండు చెక్కల నారలు ఒకదానిలో ఒకటి పెనవేసుకోలేదన్నమాట. క్విన్స్‌లో ప్రునాసిన్ అనే పదార్థం ఉంటుంది. అది పైకి ఎక్కి బేరి కణజాలంలో విరిగినప్పుడు సయనైడ్ పుట్టి, అతుకు దగ్గరి లేత పొరను చంపుతుంది. అన్ని బేరి రకాలకూ ఈ దెబ్బ ఒకేలా తగలదు.

పరిష్కారం: రెండింటితోనూ పొసిగే మూడో రకం ముక్కను మధ్యలో పెట్టడం. బార్ట్‌లెట్‌కి ఓల్డ్ హోమ్ అనే బేరి రకం గానీ బ్యూరే హార్డీ గానీ వాడతారు.

విరగలేదు గానీ, ఆకులు వేళకు ముందే ఎర్రబడుతున్నాయి, కొమ్మల చివర్లు ఎండుతున్నాయి

ఇదీ అంటు పొసగకపోవడం వల్ల కావచ్చు గానీ తొందరపడొద్దు. ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది సున్నపు నేలలో ఇనుము అందక వచ్చిన జబ్బు. క్విన్స్‌కి ఈ బాధ ఎక్కువ, అంటుతో దానికి సంబంధం లేదు. అతుకు దగ్గర ఉబ్బు ఒక్కటే చూసి టెన్షన్ పడొద్దు, ఉబ్బుతోనే ఏళ్ల తరబడి కాసే చెట్లున్నాయి.

అనుమానం పోకపోతే అతుకు మీదుగా గోరంత బెరడు లేపి చూడండి. గోధుమ రంగు గీత కనిపిస్తే అక్కడి కణజాలం చస్తోంది. కానీ చెట్టు ఆసియా బేరి వేరు మీద ఉంటే అదే గీత ‘పియర్ డిక్లైన్’ వల్ల కూడా రావచ్చు. అది సిల్లా అనే చిన్న పురుగు మోసుకొచ్చే ఫైటోప్లాస్మా (బ్యాక్టీరియా లాంటి సూక్ష్మజీవి) తెగులు. దానికి మధ్య ముక్క మందు కాదు.

ముక్క ఎలా వేయాలి

నాకు నచ్చింది రెండేళ్ల పద్ధతి. మొదటి ఆగస్టులో క్విన్స్ మీద బ్యూరే హార్డీ కన్ను (చిగురు మొగ్గ) అంటు కట్టాలి. చలికాలం చివర్లో ఆ కన్ను పైన క్విన్స్‌ని కోసేస్తే హార్డీ రెమ్మ లేస్తుంది. రెండో ఆగస్టులో ఆ రెమ్మ మీద 15–20 సెంటీమీటర్ల ఎత్తున బార్ట్‌లెట్ కన్ను పెట్టాలి. పొసగడం కోసమైతే అంత పొడవు అక్కర్లేదు గానీ, ఆ మాత్రం ఉంటే చేతికి పని సులువు.

ఒక్క సీజన్‌లోనే కావాలంటే, నిద్రావస్థలో ఉన్న పుల్లలు తెచ్చి, ముందు హార్డీ ముక్కకి బార్ట్‌లెట్ పుల్లను నాలుక అంటుతో (ఏటవాలు కోతల్లోని చీలికలు ఒకదానిలో ఒకటి దూర్చి) కట్టి, ఆ జోడీని క్విన్స్ మీద కట్టాలి. ఒకేసారి రెండు అతుకులు పట్టాలి కాబట్టి పోయేవి ఎక్కువ. పుల్లల్ని ఫ్రిజ్‌లో తడిగుడ్డలో ఉంచండి, పక్కన ఆపిల్స్ పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ కళ్లను పాడుచేస్తుంది.

చేయి తిరిగినవాళ్లు ఇంకోటి చేస్తారు. హార్డీ నుంచి కన్ను లేని పలచటి బెరడు పెచ్చు తీసి క్విన్స్ కోతలో దూర్చి, దాని మీద బార్ట్‌లెట్ కన్ను పెడతారు. అంత పలచటి పెచ్చు కూడా మధ్యవర్తిగా సరిపోతుంది. నేను రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ పెచ్చు జార్చుకున్నాను.

వేశాక వచ్చే చిక్కులు

మధ్య ముక్క అసలు చిగురించకుండా ఎండిందా? తలకిందులుగా పెట్టారేమో చూడండి. కోసేటప్పుడే అడుగు తిన్నగా, పైభాగం ఏటవాలుగా కోస్తే ఈ పొరపాటు జరగదు. హార్డీ రెమ్మలు బార్ట్‌లెట్‌ని మించి లేస్తుంటే, పైకన్ను అందుకున్నాక వాటిని గోటితో గిల్లేయండి. చెట్టు ఉన్నట్టుండి ఏపుగా ఎత్తు పెరుగుతుంటే కింది అతుకు మట్టిలో కూరుకుపోయి హార్డీ సొంత వేర్లు వేసుకుని ఉండొచ్చు. మట్టి తీసి ఆ వేర్లు కోయండి. క్విన్స్ వేర్లు పైపైనే ఉంటాయి గనక కర్ర ఊతం తీసేయకండి.

ముక్క వేసినా బాగుపడలేదు

పొసగకపోవడం రెండు రకాలు. ఒకటి తాకిన చోటే తగువు, ముక్కతో తీరుతుంది. రెండోది ముక్కను దాటుకుని పనిచేస్తుంది. మైరోబలాన్ బి ప్లమ్ వేరు మీద హేల్స్ ఎర్లీ పీచ్ దీనికి ఉదాహరణ: మధ్యలో బ్రాంప్టన్ ప్లమ్ ముక్క పెట్టినా ఫలితం లేదు. అప్పుడు వేరునే మార్చాలి.

ఆ మాటకొస్తే, మరీ పొట్టి చెట్టు కావాలని పట్టులేనివాళ్లకి బార్ట్‌లెట్ విషయంలో ఈ గొడవంతా అనవసరం. ‘ఓల్డ్ హోమ్ × ఫార్మింగ్‌డేల్’ పేరుతో దొరికే 87, 97 నంబర్ల బేరి వేర్లు దానితో నేరుగా పొసుగుతాయి.

నా స్థలం చిన్నది కాబట్టి నేను క్విన్స్‌నే పట్టుకుని ఉన్నాను. విరిగిన మొద్దుని నేలకి జానెడు ఎత్తున కోసి, లేచిన చిగుర్లలో బలమైనది ఒక్కటి ఉంచి, దాని మీద పోయిన ఆగస్టులో హార్డీ కన్ను కట్టాను. కన్ను పచ్చగానే ఉంది.