సౌండు తీసేసి లోక్‌సభ చూడండి

గ్రూప్-2కి చదివే పిల్లలు నా దగ్గరికొచ్చి "మాస్టారూ, పాలిటీ బుర్రకెక్కట్లేదు" అంటుంటారు. ఆర్టికల్ 81, 93, 110 అని అంకెలు బట్టీ పడతారు గానీ, సభ నడుస్తుంటే పది నిమిషాలు కుదురుగా చూసినవాళ్లు తక్కువ. వాళ్లకు చెప్పే పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. పరీక్షలతో సంబంధం లేనివాళ్లకు కూడా పనికొస్తుంది.

ముందు ఢిల్లీ జోలికి పోకండి. మీ నియోజకవర్గంతో మొదలుపెట్టండి. మాది అమలాపురం. దీని కిందికొచ్చే అసెంబ్లీ సీట్లు కాగితం మీద రాయిస్తాను: అమలాపురం, రాజోలు, పి.గన్నవరం, ముమ్మిడివరం, కొత్తపేట, మండపేట, రామచంద్రపురం. మొత్తం ఏడు. ఆంధ్రలో 175 అసెంబ్లీ సీట్లకు 25 మంది ఎంపీలు, తెలంగాణలో 119కి 17 మంది. రెండుచోట్లా భాగిస్తే సరిగ్గా ఏడే వస్తుంది. మీ ఏడూ మీరు రాసుకుని, మీ ఎంపీ సీటు రిజర్వుడా, జనరలా అన్నది పక్కన వేసుకోండి. మాది ఎస్సీ సీటు. దేశం మొత్తంలో 543 సీట్లుంటే ఎస్సీలకు 84, ఎస్టీలకు 47. రిజర్వేషన్ నిలబడేవాళ్లకే, ఓటేసేవాళ్లకు కాదు. ఈ ముక్క డిగ్రీ చదివినవాళ్లకు కూడా మళ్లీ మళ్లీ చెప్పాల్సొస్తోంది.

తర్వాత ఓటర్ల లెక్క చూడండి. మల్కాజిగిరిలో 30 లక్షల పైచిలుకు ఓటర్లు. లక్షద్వీప్‌లో 60 వేలు కూడా లేరు. సభలో మాత్రం ఇద్దరు ఎంపీలకూ చెరో ఓటే. ఇప్పటి సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లన్నది 1971 జనాభా లెక్కల మీద నడుస్తోంది. 1976లో 42వ సవరణతో దాన్ని అక్కడే ఆపారు, 2001లో 84వ సవరణతో 2026 తర్వాత జరిగే మొదటి జనగణన దాకా పొడిగించారు. యూపీవి 80 సీట్లు, మన రెండు రాష్ట్రాలవీ కలిపితే 42. కొత్త జనాభా లెక్కల మీద సీట్లు పంచితే, జనాభా అదుపులో పెట్టుకున్నందుకు వాటా తగ్గుతుందేమోనని దక్షిణాదికి టెన్షన్. అందులో న్యాయం లేదని నేననను. ఇక ఆడవాళ్ల సంగతికొస్తే, 2024లో గెలిచింది 74 మంది. మూడో వంతు సీట్లు వాళ్లకివ్వాలని 2023లో 106వ సవరణ చేశారు గానీ, అది జనగణన, డీలిమిటేషన్ (నియోజకవర్గాల పునర్విభజన) పూర్తయ్యాకేనని అందులోనే రాసుకున్నారు.

ఇప్పుడు సంసద్ టీవీ పెట్టి, సౌండు తీసేయండి. అరుపులు వింటుంటే కళ్లు పనిచేయవు. కార్పెట్ ఆకుపచ్చగా ఉంటే లోక్‌సభ, ఎర్రగా ఉంటే రాజ్యసభ. స్పీకర్‌కు కుడిచేతివైపు అధికారపక్షం, ఎడమచేతివైపు ప్రతిపక్షం. ఎడమవైపు ముందు వరసలో మొదటి సీటు డిప్యూటీ స్పీకర్‌ది. 17వ లోక్‌సభలో ఐదేళ్లూ ఆ పదవి భర్తీ కాలేదు. వీలైనంత త్వరగా ఎన్నుకోవాలని రాజ్యాంగంలో ఉంది, గడువు మాత్రం లేదు. కాగితం మీద రెండు అంకెలు వేసుకోండి: 272, 55. మొదటిది మెజారిటీ. రెండోది కోరం, అంటే సభ నడవడానికి కనీసం ఉండాల్సినవాళ్లు. ప్రతిపక్ష నేత హోదాకూ ఆనవాయితీగా చూసే అంకె అదే. 2014లో 44, 2019లో 52 దగ్గర ఆగిన కాంగ్రెస్‌కు ఆ హోదా దక్కలేదు. 2024లో 99 వచ్చాక రాహుల్ గాంధీకి దక్కింది.

స్పీకర్ కుర్చీ దగ్గర కాసేపు ఆగండి. 1998లో మా అమలాపురం ఎంపీ జీఎంసీ బాలయోగి ఆ కుర్చీలో కూర్చున్నారు. ఆ పదవికొచ్చిన తొలి దళితుడు. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం విశ్వాస పరీక్షకు నిలబడింది. గిరిధర్ గమాంగ్ అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి, కానీ ఎంపీ పదవి ఇంకా వదల్లేదు. ఓటేయొచ్చా లేదా అని గొడవ. బాలయోగి ఆ నిర్ణయాన్ని గమాంగ్ విచక్షణకే వదిలేశారు. గమాంగ్ వ్యతిరేకంగా ఓటేశారు. 269–270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. బాలయోగి పార్టీ టీడీపీ ఓటేసింది వాజ్‌పేయికే. ఆయన మామూలు ఎంపీగా కింద కూర్చుని ఉంటే లెక్క 270–270 అయ్యేది. కానీ స్పీకర్‌కు ఓటు రెండువైపులా సమానమైతేనే. ఆర్టికల్ 100లో ఉన్నది ఇదే. ఈ కథ చెప్పాక ఆ ఆర్టికల్‌ను మర్చిపోయిన పిల్లాణ్ణి నేను చూళ్లేదు. స్పీకరయ్యాక పార్టీని వదలాలన్న రూలేమీ లేదు. 1967లో నీలం సంజీవరెడ్డి మాత్రం తనంతట తానే కాంగ్రెస్‌కు రాజీనామా చేశారు.

ఇప్పుడు సౌండు పెట్టండి. 11 నుంచి 12 వరకు ప్రశ్నోత్తరాలు. రోజుకు 20 ప్రశ్నలకు మంత్రులు నోటితో జవాబివ్వాలి. అచ్చేసిన జవాబు ఎలాగూ ఉంటుంది, దాని మీద వేసే అనుబంధ ప్రశ్న వినండి. శాఖ మీద మంత్రికి పట్టుందో లేదో అక్కడ బయటపడుతుంది. 12 తర్వాత జీరో అవర్, అంటే ఎంపీలు అత్యవసర విషయాలు లేవనెత్తే సమయం. బిల్లుల దగ్గర "మూజువాణి ఓటుతో ఆమోదం" (అవును, కాదు అని నోటితో చెప్పే ఓటు) అన్నారంటే ఎవరెటు ఓటేశారో రికార్డులో ఉండదు. అది కావాలంటే సభ్యులు డివిజన్, అంటే ఓట్ల లెక్కింపు అడగాలి. విప్ (ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం) ఉంటే అప్పుడు కూడా సొంత అభిప్రాయానికి చోటుండదు, కాదని ఓటేస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద సీటే పోవచ్చు. కొంచెం స్వేచ్ఛగా మాట్లాడుకునేది స్థాయీ సంఘాల్లో, అంటే శాఖల పనిని, బిల్లుల్ని పరిశీలించే ఎంపీల కమిటీల్లో. ఒక్కోదానిలో 21 మంది లోక్‌సభ, 10 మంది రాజ్యసభ సభ్యులు ఉంటారు. వాటి సమావేశాలు టీవీలో రావు, నివేదికలే చదువుకోవాలి.

ఆఖరున పార్లమెంటు వెబ్‌సైట్లో ప్రశ్నల విభాగం తెరిచి మీ ఎంపీ పేరు కొట్టండి. కోనసీమవాళ్లయితే కోటిపల్లి–నరసాపురం రైల్వే లైను అని వెతకండి. దొరికిన జవాబుల్ని తేదీల వారీగా పక్కపక్కన పెట్టి చదవండి. ఏ మాట మారింది, ఏ మాట అలాగే ఉండిపోయిందన్నది గుర్తుపెట్టుకుని, తర్వాత ఏం అడగాలో ఎంపీకి రాసి పంపండి. ప్రశ్నకు ఆయన కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి కాబట్టి, సమావేశాల తేదీలు ప్రకటించగానే ఉత్తరం వేసేయండి.