పందెంలో క్యూబ్ ఎక్కడ ఆగుతోంది: ఓడినవాళ్ళ ఫిర్యాదులు, వాటికి మందు

మా అక్క వాళ్ళది చీమకుర్తి, మాది నెల్లూరు మూలాపేట. సంక్రాంతికీ వేసవి సెలవులకీ పిల్లలు ఒంగోలులో పినాకిని ఎక్కి మా ఇంటికి వస్తారు. సంచీల్లోంచి ముందు బయటికొచ్చేవి రూబిక్ క్యూబులు, ఆ తరవాతే బట్టలు. సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీద చాప పరిచి, ఎవరు ముందు రంగులు కుదురుస్తారో పందెం పెట్టుకుంటాం.

ఓడినవాళ్ళ మాటలు విని విని నాకు ఒకటి అర్థమైంది. తప్పు క్యూబ్‌ది కావచ్చు, చేతిది కావచ్చు, చూపుది కావచ్చు. అందరూ ముందు చేతినే తిట్టుకుంటారు గానీ, ఎక్కువసార్లు తప్పు చూపుది. పిల్లలు అన్న మాటల్నే తలకట్లుగా పెట్టాను.

"మామా, అంతా కుదిరింది, ఒక్క కార్నర్ మాత్రం తిరగబడి ఉంది"

ముందు ఒక సంగతి తేల్చుకోండి. చివరి కార్నర్లు, అంటే మూడు రంగుల మూల ముక్కలు, తిప్పుతుండగా మధ్యలో ఇలా అయిందా, అంతా పూర్తయ్యాక ఒక్కటే మిగిలిందా? ఈ రెండూ వేరువేరు జబ్బులు.

మధ్యలో అయితే క్యూబ్‌లో ఏ లోపమూ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు పసుపు కార్నర్ల కోసం "కుడి కిందికి, అడుగు ఎడమకి, కుడి పైకి, అడుగు కుడికి" అనే ఫార్ములా వాడతారు. ఒక్కో కార్నర్‌కి దీన్ని రెండుసార్లో నాలుగుసార్లో చేయాలి. ఈలోపు కింది రెండు వరసలూ చెదిరిపోయినట్టు కనిపిస్తాయి. అన్ని కార్నర్లూ అయ్యేసరికి అవే సర్దుకుంటాయి. ఇక్కడ పిల్లలు చేసే తప్పులు రెండు. తరవాతి కార్నర్ కోసం పై వరసను మాత్రమే తిప్పాల్సింది పోయి, క్యూబ్ మొత్తాన్నీ తిప్పేస్తారు. లేదా ఫార్ములాలో ఆఖరి కదలిక మింగేస్తారు.

మా మేనకోడలు పోయిన వేసవిలో మూడు రోజులు ఇక్కడే ఆగిపోయింది. క్యూబ్ చెడిపోయిందని ఏడుపు. పక్కన కూర్చుని దాని చేతుల్నే చూశాను. మూడో కదలిక "కుడి పైకి" అయ్యేసరికే పసుపు పైకి వచ్చేస్తోంది. అది చూసిన సంతోషంలో వేళ్ళు వదులైపోతున్నాయి, "అడుగు కుడికి" చేయడమే లేదు. నాలుగు కదలికలూ నోటితో గట్టిగా అంటూ తిప్పమన్నాను. ఆ సాయంత్రమే కుదిరింది. 1974లో బుడాపెస్ట్‌లో దీన్ని తయారుచేసిన ఎర్నో రూబిక్‌కే తన క్యూబ్‌ను మళ్ళీ కుదర్చడానికి నెలకు పైగా పట్టిందని చెబితే దాని మొహం ఇంకా విప్పారింది.

అంతా అయ్యాక ఒక్క కార్నరే తిరగబడి ఉంటే మాత్రం తప్పు క్యూబ్‌దే. కింద పడినప్పుడో, గట్టిగా లాగి తిప్పినప్పుడో ఆ కార్నర్ ఉన్నచోటే మెలి తిరిగింది. సరిగ్గా తిప్పుతూ పోతే ఒక్క కార్నర్ ఒంటరిగా తిరగబడడం జరగని పని. ఒక్క ఎడ్జ్, అంటే రెండు రంగుల అంచు ముక్క, తిరగబడడమూ అంతే, రెండు ముక్కలు మాత్రమే చోట్లు మారడమూ అంతే. అలా కనిపిస్తే ఎన్ని ఫార్ములాలు వేసినా దండగ. కార్నర్ అయితే ఇప్పుడొచ్చే స్పీడ్ క్యూబుల్లో వేళ్ళతోనే మెల్లగా మెలిపెట్టి సరిచేయొచ్చు. ఎడ్జ్ అయితే పై వరసను 45 డిగ్రీలు తిప్పి, ఆ ఎడ్జ్ కింద బొటనవేలు పెట్టి పైకెత్తి, తిప్పి మళ్ళీ కూర్చోబెట్టాలి.

ముక్కలన్నీ ఊడిపోతే ఎలా పడితే అలా బిగించకండి. అలా బిగించిన క్యూబ్ కుదిరేది అయ్యే అవకాశం పన్నెండింట్లో ఒకటే. కార్నర్ మెలికలు మూడు రకాలు, ఎడ్జ్ తిరగడం రెండు రకాలు, చోట్లు మారడం రెండు రకాలు, మొత్తం పన్నెండు. రంగులన్నీ కుదిరిన క్యూబ్‌లాగే బిగించి, ఆ తరవాత తిప్పి రంగులు కలిపేయండి.

"తిప్పుతుంటే పట్టేస్తోంది"

చీమకుర్తి నుంచి వచ్చే క్యూబులకి ఇది ఎప్పుడూ ఉండే ఇబ్బంది. వాళ్ళ వీధి చివర గ్రానైట్ కోత మిల్లు ఉంది. ఆ దుమ్ము కిటికీ గూట్లో పెట్టిన దేన్నీ వదలదు. మైపాడు బీచికి తీసుకెళ్ళిన క్యూబ్‌కి ఇసుకతో అదే గతి. ముక్కలు ఊడదీసి, పొడి మెత్తటి గుడ్డతో తుడిచి, మూలల్లో పాత టూత్‌బ్రష్ ఆడించండి. తుడిచాక రెండు మూడు చుక్కల సిలికాన్ ల్యూబ్ చాలు.

కొబ్బరినూనె వద్దు. మొదట్లో జారుతుంది, నాలుగు రోజులకే దుమ్ము పట్టి జిగటయిపోతుంది. కుట్టుమిషను నూనెలాంటి పెట్రోలియం నూనెలు ప్లాస్టిక్‌నే దెబ్బతీయగలవు. పెద్దవాళ్ళు ప్రేమతో పోసిన నూనెకి పాడైన క్యూబుల్ని నేను మూడింటిని చూశాను.

శుభ్రం చేసినా బిగువు తగ్గకపోతే సెంటర్ల మూతలు తీసి ఆరు స్క్రూలనీ సమానంగా పావు చుట్టు చొప్పున వదులు చేయండి. ఒకవైపు ఎక్కువ వదులైతే పందెం మధ్యలో ముక్క ఎగిరి పడుతుంది.

"నిమిషం దగ్గరే ఆగిపోయాను, ఎంత వేగంగా తిప్పినా తగ్గట్లేదు"

ఎక్కువమందిని పట్టి ఆపేది ఇదే.

ఒక లెక్క చూడండి. క్రాస్ (ఒక ముఖం మీద నాలుగు ఎడ్జ్‌లతో ఒకే రంగు ప్లస్ గుర్తు), మొదటి రెండు వరసలు, తరవాత పై వరస అనే పద్ధతిలో ఒక సాల్వ్‌కి, అంటే క్యూబ్‌ను ఒకసారి కుదర్చడానికి, సుమారు 60 కదలికలు పడతాయి. సెకనుకి రెండు కదలికలు మా ఎనిమిదేళ్ళ పక్కింటి పిల్లాడు కూడా తిప్పగలడు. ఆ లెక్కన 30 సెకన్లకే అయిపోవాలి. మరి మిగతా 30 సెకన్లు ఎక్కడికి పోయాయి? చేతులు ఆగి, కళ్ళు ముక్క కోసం వెతుక్కున్న సమయం అదే.

ఇది మీకు మీరే చూసుకోవచ్చు. ఫోన్ గోడకి ఆనించి మీ సాల్వ్ వీడియో తీసుకోండి. తరవాత చూస్తూ, చేతులు ఆగిన చోటల్లా కాగితం మీద గీత పెట్టండి. మా పెద్ద మేనల్లుడి 52 సెకన్ల వీడియో ఇద్దరం కూర్చుని చూశాం. పదకొండు గీతలు పడ్డాయి. ఆగిన ప్రతిసారీ క్యూబ్‌ను వెనక్కి తిప్పి చూస్తున్నాడు. తను ఆగుతున్నట్టే వాడికి తెలియదు.

మందు వినడానికి విడ్డూరంగా ఉంటుంది: నెమ్మదిగా తిప్పండి. రోజుకి పది సాల్వులు, సెకనుకి ఒకే కదలిక, ఎక్కడా ఆగకుండా. చెయ్యి ఒక జతను (ఒక కార్నర్, దాని ఎడ్జ్) లోపల పెడుతుండగా కళ్ళు తరవాతి జతను వెతకాలి. చెయ్యి చేస్తున్న పనిని కళ్ళు చూడకూడదు. మొదటి వారం టైము పెరుగుతుంది. మా వాడు 52 నుంచి 60 దాటి "ఏంది మామా ఇది" అని విసుక్కున్నాడు. మూడు వారాలకి 40 లోపు వచ్చాడు.

రెండో మందు క్రాస్. ఎలా కలిపిన క్యూబ్‌లోనైనా ఒక రంగు క్రాస్ ఎనిమిది కదలికల్లోపే కుదురుతుంది. పోటీల్లో చూసుకోవడానికి 15 సెకన్లు ఇస్తారు. ఆ సమయంలో నాలుగు ఎడ్జ్‌లూ ఎక్కడున్నాయో, ఏది ఎటు పోవాలో మనసులో కట్టుకోండి. మొదట్లో రెండే పట్టుబడతాయి, ఫరవాలేదు. పట్టుబడ్డాక క్రాస్‌ను కళ్ళు మూసుకుని చేసి చూడండి. తెల్ల క్రాస్ కింద ఉండగానే చేయడం అలవాటైతే క్యూబ్‌ను తిరగేసే పని కూడా తప్పుతుంది.

పై వరసకి 57, ఆఖరి సర్దుబాటుకి 21 ఫార్ములాలు ఉన్నాయని విని కొందరు అవన్నీ ముందే బట్టీ పడతారు. నా మాట వినండి, ముప్పై సెకన్ల లోపుకి రావడానికి అవన్నీ అక్కర్లేదు. రెండేసి దశలుగా చేసుకుంటే 10, 6 చొప్పున మొత్తం 16 చాలు. 1982లో బుడాపెస్ట్‌లో జరిగిన మొదటి ప్రపంచ పోటీలో గెలిచిన టైము 22.95 సెకన్లు. అప్పటి క్యూబులు ఇప్పటివంత నున్నగా తిరిగేవి కావు.

"ఇంట్లో ముప్పై, పందెంలో నలభై ఐదు"

గుండె దడ కొంత కారణం. మన దగ్గర మే నెలలో ఇంకో కారణం చెమట. సముద్రపు ఉక్క, పైన వడగాలి, వేళ్ళు జారిపోతాయి. నూలు తువ్వాలు ఒళ్ళో పెట్టుకుని ప్రతి సాల్వ్‌కీ ముందు చేతులు తుడుచుకోండి. పౌడర్ పూయకండి, అది క్యూబ్ లోపలికి పోయి పట్టేస్తుంది. దడకైతే అలవాటే మందు. ఇంట్లో సాధన చేసేటప్పుడు కూడా ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టుకోండి. మా అమ్మ బియ్యం ఏరుకుంటూ ఎదురుగా కూర్చుంటే చాలు, పిల్లలకి మొదటి రెండు సాల్వులూ తడబడతాయి, మూడోది నిలబడుతుంది.

"ఎరుపో నారింజో తెలియలేదు"

కరెంటు పోయి ఛార్జింగ్ లైటు వెలుతురులో ఆడితే ఇది తప్పదు. ఎరుపూ నారింజా ఎప్పుడూ ఎదురెదురు ముఖాలు, కాబట్టి ఒకే ముక్క మీద రెండూ ఉండవు. కార్నర్ అయితే మిగతా రెండు రంగులు ఏ వరసలో ఉన్నాయో చూసి కనిపెట్టొచ్చు, ఎడ్జ్‌కి మాత్రం అది కుదరదు. చీకటి పడితే ఆట ఆపడమే మేలు.

"వాడికి సులువుగా కలిపారు"

ఈ గొడవకి కారణం నిజంగానే ఉంటుంది. కొన్ని కలుపుళ్ళు సులువు, కొన్ని కష్టం. అందుకని అందరికీ ఒకే కలుపు ఇవ్వండి. తెలుపు పైన, ఆకుపచ్చ ఎదురుగా పట్టుకుని, ఫోన్‌లోని క్యూబ్ టైమర్ యాప్ చూపించిన కదలికల్నే అందరి క్యూబులకీ మూడో మనిషి తిప్పాలి. ఒక్క సాల్వ్‌తో తేల్చకండి. ప్రపంచ పోటీల్లోలాగా ఐదు చేయించి, అన్నిటికంటే మంచిదీ చెడ్డదీ తీసేసి, మిగిలిన మూడింటి సగటు చూడండి. టైమర్ ఆపాక పై వరస 45 డిగ్రీల కంటే ఎక్కువ తిరిగి ఉంటే రెండు సెకన్లు కలపాలి. ఇది ఆటకి ముందే చెప్పేయండి. టైమర్‌ని ఆడేవాళ్ళే నొక్కాలి. పక్కవాళ్ళు నొక్కితే ఆ ఆలస్యం మీద ఇంకో తగువు.

"నేనెప్పుడూ ఆఖరే"

పిల్లల్లో చిన్నది ఈ మాట అన్న రోజు దాని క్యూబ్ బీరువా మీదికి ఎక్కింది. నాకు అన్నిటికంటే బాధ కలిగించిన ఫిర్యాదు ఇదే. అప్పటినుంచి మా ఇంట్లో పందెం లెక్క మార్చాం. ఒక్కొక్కరి పాత సగటు నోటుబుక్కులో ఉంటుంది. ఆ రోజు సగటు దానికంటే నూటికి ఎంత తగ్గిందో చూసి గెలుపు చెబుతాం. పోయిన సంక్రాంతికి పెద్దోడు 36 నుంచి 34కి వచ్చాడు. చిన్నది రెండు నిమిషాల పది సెకన్ల నుంచి నిమిషం నలభై ఎనిమిదికి వచ్చింది. గెలిచినవాళ్ళకి ఇచ్చే మలైకాజా డబ్బా ఆ రాత్రి దాని దిండు పక్కనే ఉంది.