కచేరీకి వేణువులు ఎంచుకోవడం ఎలా?

ఫోన్‌లో ట్రాక్ (పాటకు వెనక వచ్చే వాద్యాల రికార్డింగ్) పెట్టుకుని పెళ్లిళ్లలో, తిరునాళ్లలో ఒక్కరే వాయించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. శ్రుతి అంటే వేణువు పలికే ఆధార స్థాయి, దాన్ని అంకెలతో చెబుతారు. ఐదు శ్రుతి, నాలుగున్నర, రెండు: ఈ మూడు శ్రుతుల వేణువులు చాలు. వెదురువే కొనండి, ప్లాస్టిక్ గొట్టాలు సంచీలోకి కూడా రానీయొద్దు. స్టాండు, మైకుకు స్పాంజి తొడుగు, ఒక నూలు గుడ్డ. పాటల జాబితా రాసుకుని ఏ పాటకు ఏ శ్రుతో పక్కన వేసుకోండి. ఇదంతా పది నిమిషాల పని.

అందరూ చెడగొట్టేది దీని తర్వాతే. ఇంట్లో ఫ్యాను కింద ట్యూనర్‌తో (శ్రుతి కొలిచే సాధనం) చూసి, సరిగ్గా ఉందనుకుని వచ్చేస్తారు. రోహిణీ కార్తెలో కావలిలోనో కందుకూరులోనో షామియానా కింద అదే వేణువు శ్రుతి మీరి పలుకుతుంది. గాలి వేడెక్కితే అందులో శబ్దం వేగం పెరుగుతుంది. 10 డిగ్రీల తేడాకు స్వరం అరస్వరంలో దాదాపు నాలుగో వంతు పైకి పోతుంది. ట్రాక్ మాత్రం కదలదు. వయొలిన్‌కైతే బిరడా తిప్పుకోవచ్చు, వెదురుకు తిప్పడానికి ఏముంది? వేణువును పెదవి వైపు ఒరిగిస్తే స్వరం దిగుతుంది గానీ, నాదం మూసుకుపోతుంది. కొందరు యాప్‌లో ట్రాక్ పిచ్ పెంచుకోమంటారు. వేదిక మీద ఫోన్ గెలుక్కుంటూ కూర్చుంటే చూసేవాళ్లకేం బాగుంటుంది?

అందుకే ఎక్కువగా వాడే శ్రుతిలో రెండు ఉండాలి. ఒకటి ఏసీ కల్యాణ మండపానికి సరిపోయేది. రెండోది వెంట్రుకవాసి తక్కువ పలికేది, ఆరుబయటికి. దాని చివర ఎర్ర దారం చుట్టండి, హడావుడిలో చేతికి తప్పు వేణువు రాదు.

పరీక్ష వేదిక దగ్గరే చేయాలి. వేణువుల్ని సంచీలోంచి తీసి కాసేపు ఆ గాలికి వదిలేయండి. తర్వాత రంధ్రాలన్నీ మూసి, వేడి ఊపిరి నాలుగైదుసార్లు లోపలికి వదలండి. చల్లటి వెదురు మీద చూసిన శ్రుతి మొదటి పాట సగం కాకముందే మారిపోతుంది. ఇప్పుడు ట్రాక్‌లో ఆధార షడ్జం (స) పెట్టి, మీరూ షడ్జం నిలపండి. రెండూ కొట్టుకుని వూఁ వూఁ అని ఊగితే ఆ వేణువు పక్కన పెట్టేయండి. పంచమం (ప), తారషడ్జం (పై స) కూడా అలాగే చూడాలి. ఒక్క షడ్జంతో సరిపెట్టుకునేవాళ్లే చరణంలో దొరికిపోతారు.

మైపాడు లాంటి చోట సముద్రపు గాలి నోటి రంధ్రం మీద కొడితే ఏ వేణువూ పలకదు. గాలికి వీపు పెట్టి నిలబడండి.

వేణువు మార్చాల్సిన పాట ఉంటే, ముందు పాట చివరి మ్యూజిక్ నడుస్తుండగానే రెండోదాన్ని ఊపిరితో వేడి చేసి చేతిలో పట్టుకోండి.