క్రూయిజ్ షిప్‌లో ఉద్యోగం సంపాదించడం ఎలా?

క్రూయిజ్ షిప్‌లో ఉద్యోగమంటే ఓడ నడపడమేనని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడి సిబ్బందిలో అత్యధికులు వంటశాల, భోజనశాల, హౌస్‌కీపింగ్, లాండ్రీ, బార్, రిసెప్షన్ వంటి పనులు చేసేవారే. వీటన్నిటినీ కలిపి హోటల్ విభాగం అంటారు. డెక్, ఇంజిన్ విభాగాలకు ఏళ్ల తరబడి సాగే వేరే చదువు కావాలి గనుక, ఈ వ్యాసం హోటల్ విభాగానికే పరిమితం.

ఓడ కంపెనీలు మొదట చూసేది నేల మీద మీరు చేసిన పనిని. హైదరాబాద్ విద్యానగర్‌లోని ఐహెచ్ఎం (హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ), గచ్చిబౌలిలోని నిథమ్ (పర్యాటక, ఆతిథ్య రంగాల శిక్షణ సంస్థ), తిరుపతిలోని హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ వంటి చోట్ల చదివినవారికి మొగ్గు ఉంటుంది. అయితే డిప్లొమా ఒక్కటే చాలదు; పేరున్న హోటల్‌లో ఒకటి రెండేళ్లు పనిచేసి, అక్కడి అనుభవ ధ్రువపత్రం చేతిలో పెట్టుకుని వెళ్లినవారి దరఖాస్తుకే విలువ ఎక్కువ. వంటలో కమీగానో (షెఫ్ కింద పనిచేసే జూనియర్ వంటవాడు), భోజనశాలలో అసిస్టెంట్ వెయిటర్‌గానో, హౌస్‌కీపింగ్‌లో అసిస్టెంట్‌గానో మొదలుపెట్టడం మామూలు. పెద్ద హోటల్‌లో సూపర్‌వైజర్‌గా ఉన్నవారిని కూడా ఓడలో ఒక మెట్టు కింద నిలబెట్టడం అరుదేమీ కాదు. చాలా కంపెనీలు 21 ఏళ్లు నిండినవారినే తీసుకుంటాయి.

ఇక ఏజెన్సీ సంగతి. మోసాలన్నీ ఇక్కడే జరుగుతాయి కాబట్టి దీనికి కొంత సమయం పెట్టడం మంచిది. రాయల్ కరీబియన్, కార్నివాల్, ఎంఎస్‌సీ వంటి పెద్ద కంపెనీలు మన దేశంలో సిబ్బందిని సాధారణంగా ఏజెన్సీల ద్వారా ఎంపిక చేసుకుంటాయి; ఆ ఏజెన్సీల పేర్లు కంపెనీల ఉద్యోగాల వెబ్‌సైట్లలోనే దొరుకుతాయి. మన దేశంలో నావికులను (హోటల్ సిబ్బందీ ఈ లెక్కలోకే వస్తారు) ఓడలకు పంపే ప్రతి ఏజెన్సీకీ ముంబయిలోని డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ షిప్పింగ్ (డీజీ షిప్పింగ్) ఇచ్చే ఆర్‌పీఎస్‌ఎల్ అనే నియామక సేవల లైసెన్సు ఉండి తీరాలి. లైసెన్సు కాపీ చూపించారని తృప్తి పడకుండా, ఆ నంబరు డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లోని జాబితాలో ఉందో లేదో, గడువు మిగిలి ఉందో లేదో, చిరునామా ఒకటేనో కాదో మీరే సరిచూసుకోవాలి. భారతదేశం 2015లో ఆమోదించిన అంతర్జాతీయ సముద్ర కార్మిక ఒప్పందం ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు నావికుడి దగ్గర రుసుము వసూలు చేయకూడదు. వైద్య ధ్రువపత్రం, పాస్‌పోర్టు, నావికుల పుస్తకం ఖర్చులు మీవి. వీసా ఖర్చు ఓడ యజమానిది. సర్వీస్ చార్జీ, సెక్యూరిటీ డిపాజిట్, ఫైలు ఖర్చు, ఏ పేరు పెట్టి అడిగినా సరే, ముందుగా డబ్బు కట్టమన్నవారితో మాట అక్కడితో ముగించండి. టూరిస్టు వీసా మీద పంపిస్తాం, అక్కడికి వెళ్లాక ఓడ ఎక్కిస్తాం అనేవారి సంగతి చెప్పనక్కరలేదు.

ఇంటర్వ్యూ ఇంగ్లీషులో, చాలాసార్లు వీడియోలో జరుగుతుంది. మార్లిన్స్ అనే ఆన్‌లైన్ ఇంగ్లీషు పరీక్ష రాయమని అడగవచ్చు. వ్యాకరణం దోషరహితంగా ఉండాలని ఎవరూ పట్టుబట్టరు; అతిథి అడిగింది అర్థం చేసుకుని, తడబడకుండా జవాబు చెప్పగలరా అన్నదే చూస్తారు. వంటశాల ఉద్యోగానికి వెళ్లేవారు యూఎస్‌పీహెచ్, అంటే అమెరికా ప్రజారోగ్య శాఖ శుభ్రతా నియమాల గురించి చదువుకుని వెళ్లాలి. అమెరికా రేవులకు వచ్చే ప్రయాణికుల ఓడల్లో ఆ దేశ ప్రజారోగ్య అధికారులు చెప్పకుండా వచ్చి శుభ్రతను తనిఖీ చేసి, నూటికి మార్కులు వేస్తారు. 85, అంతకన్నా తక్కువ వస్తే ఓడ ఆ తనిఖీలో తప్పినట్టే. అందుకే ఇంటర్వ్యూలో మూడు బకెట్ల పద్ధతి గురించి అడుగుతుంటారు: ఎర్ర బకెట్‌లో సబ్బునీళ్లు, బూడిదరంగు దానిలో కడిగే మంచినీళ్లు, తెల్లదానిలో శానిటైజర్. ఈ వరుస గుర్తుండటం కాదు, సబ్బు పూర్తిగా పోకముందే శానిటైజర్ వేస్తే అది పనిచేయదని వివరించగలిగితే మీరు వంటశాలలో నిలబడి పనిచేశారని ఎదుటివారికి తెలుస్తుంది.

ఎంపికయ్యాక కాగితాల పని మొదలవుతుంది. డీజీ షిప్పింగ్ గుర్తించిన సంస్థలో ఎస్‌టీసీడబ్ల్యూ (నావికుల శిక్షణపై అంతర్జాతీయ ఒప్పందం) చెప్పే ప్రాథమిక భద్రతా కోర్సులు పూర్తి చేయాలి. నీళ్లలో ప్రాణాలు కాపాడుకోవడం, మంటలు ఆర్పడం, ప్రథమ చికిత్స, ఓడలో వ్యక్తిగత భద్రత, వీటికి తోడు ఓడ రక్షణకు సంబంధించిన శిక్షణ ఉంటాయి. దేశంలోని నావికుల జాబితాలో మీకిచ్చే ఐఎన్‌డీఓఎస్ నంబరు, ఆ తర్వాత సీడీసీ అనే నావికుల పుస్తకం తీసుకోవాలి. ఎంపిక కాకముందే ఈ కోర్సులన్నీ చేసేయమని ఊదరగొట్టే శిక్షణ సంస్థలున్నాయి. కోర్సు చేసినంత మాత్రాన ఏ కంపెనీ పిలిచి ఉద్యోగం ఇవ్వదు గనుక, ఏ కోర్సు ఎప్పుడు కావాలో ఏజెన్సీని రాతపూర్వకంగా అడిగి చేరడమే మేలు. డీజీ షిప్పింగ్ ఆమోదించిన వైద్యుడి పరీక్ష, పోలీసు క్లియరెన్స్, అమెరికా రేవులకు వెళ్లే ఓడకైతే ఆ దేశం ఓడ సిబ్బందికిచ్చే సీ1/డీ వీసా కూడా కావాలి. ఎల్లో ఫీవర్ టీకాను ఆఖరి వారానికి వదిలేయకండి: టీకా వేయించుకున్న పది రోజులకు గానీ ఆ ధ్రువపత్రం చెల్లుబాటు కాదు. హైదరాబాద్‌లో ఈ టీకాను నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు.

సంతకం పెట్టేముందు ఒప్పందాన్ని తీరిగ్గా చదవాలి. హోటల్ సిబ్బందికి ఒప్పందం సాధారణంగా ఆరు నుంచి తొమ్మిది నెలలుంటుంది. ఆ తర్వాత వచ్చే సెలవుకు చాలా కంపెనీలలో జీతం ఉండదు కాబట్టి, నెల జీతాన్ని పన్నెండుతో గుణించి ఇంట్లో లెక్క చెప్పకండి. వారానికి ఏడు రోజులూ పని ఉంటుంది. పైన చెప్పిన సముద్ర కార్మిక ఒప్పందం నిబంధనల ప్రకారం 24 గంటల్లో కనీసం 10 గంటలు, వారంలో 77 గంటలు విశ్రాంతి ఇవ్వాలి. ఆ పది గంటలను రెండుకు మించి ముక్కలు చేయకూడదు, అందులో ఒకటి కనీసం ఆరు గంటలుండాలి. జీతంలో టిప్పుల వాటా ఎంత, ఓడ చేరేందుకు విమాన ఖర్చు ఎవరిది, మధ్యలో అనారోగ్యం పాలైతే ఇంటికి పంపే ఏర్పాటేమిటి అన్నవి కాగితం మీద ఉండాలి. ఫోనులో చెప్పిన మాటకు విలువ లేదు.

ఒప్పందం, సీడీసీ, వైద్య ధ్రువపత్రం నకళ్లు ఒక జత ఇంట్లో ఉంచి వెళ్లండి. ఓడ ఎక్కిన రోజునా దిగిన రోజునా సీడీసీలో ముద్ర పడిందో లేదో చూసుకోండి. రెండో ఒప్పందానికి అనుభవం లెక్క తేల్చేదీ, విదేశాల్లో ఎన్ని రోజులున్నారో ఆదాయపు పన్ను అధికారులకు చూపించడానికి పనికొచ్చేదీ ఆ ముద్రలే.